గర్భిణి రాని మీటింగ్ దేనికి? సింగ్‌భూమ్, కేంఝర్ మహిళా సంఘాల కేస్ స్టడీ

2010లో లాన్సెట్ వైద్య పత్రికలో రెండు అధ్యయనాలు ఒకదాని వెనక ఒకటి అచ్చయ్యాయి. రెండింటిలో చేసిన పని ఒకటే. ఆడవాళ్లను నెలకోసారి కూర్చోబెట్టి, కాన్పప్పుడు తల్లికీ బిడ్డకీ వచ్చే కష్టాలేమిటో వాళ్లచేతే చెప్పించి, దారి కూడా వాళ్లనే వెతకమన్నారు. జార్ఖండ్, ఒడిశాల్లో నవజాత శిశు మరణాలు, అంటే పుట్టిన నాలుగు వారాల్లోపు మరణాలు, దాదాపు మూడో వంతు తగ్గాయి. బంగ్లాదేశ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనదగ్గర ఇలాంటి కార్యక్రమం పెట్టాలనుకునేవాళ్లు మొదటిదాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో రెండోదాన్నీ అంత శ్రద్ధగా చదవాలి. ఈ కేస్‌లో ఎక్కువ భాగం మొదటిదాని గురించే, కానీ దాని అసలు విలువ తెలిసేది రెండోదాని పక్కన పెట్టినప్పుడే.

చోటు, లెక్క

జార్ఖండ్‌లో పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సవాన్, ఒడిశాలో కేంఝర్. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మూడు జిల్లాలు. హో, సంతాల్, ముండా, జువాంగ్ వంటి ఆదివాసీలు ఎక్కువగా ఉండే ప్రాంతం. పని చేసింది చక్రధర్‌పూర్ కేంద్రంగా ఉన్న ఏక్‌జుట్ సంస్థ, లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులతో కలిసి. జిల్లాకు 12 చొప్పున 36 క్లస్టర్లు, అంటే ఊళ్ల గుంపులు, తీసుకుని, సగం క్లస్టర్లలో సంఘాలు నడిపారు, సగం పోలికకు వదిలారు. మొత్తం జనాభా 2,28,186. 2005 జూలై చివరి నుంచి 2008 జూలై వరకు మూడేళ్లలో 19,030 కాన్పులను నమోదు చేశారు.

ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అన్నది తెలియడమే ఇలాంటి చోట్ల సగం పని. ఇంట్లో పుట్టి, పేరు పెట్టకముందే పోయిన బిడ్డ ఏ రికార్డులోనూ కనపడదు. అందుకని దాదాపు 250 ఇళ్లకు ఒకరిని సమాచారం చెప్పే మనిషిగా పెట్టుకున్నారు. వీళ్లలో ఎక్కువమంది మంత్రసానులే. చెప్పిన ప్రతి కాన్పుకు, మరణానికి కొంత డబ్బు ఇచ్చారు. కాన్పయిన ఆరు వారాలకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ ఇంటికి వెళ్లి, చెప్పింది నిజమో కాదో సరిచూసుకునేవారు. చెప్పేవాళ్లు వేరు, సరిచూసేవాళ్లు వేరు. ఈ రెండు పనులూ ఒకే మనిషికి అప్పగిస్తే అంకెలు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

సంఘాలు 244. అందులో 172 అంతకుముందే ఉన్న పొదుపు సంఘాలు, 72 కొత్తగా పెట్టినవి. క్లస్టర్‌కు ఒక ఫెసిలిటేటర్, అంటే మీటింగులు నడిపే మనిషి. ఆమె స్థానికురాలు, ఆ భాష మాట్లాడుతుంది, నర్సూ కాదు, డాక్టరూ కాదు. నెలకు సుమారు 13 సంఘాలు ఆమె బాధ్యత. అంటే వారానికి మూడు మీటింగులు, మిగతా రోజుల్లో నడక, ఇళ్లకు వెళ్లి పిలవడం, రిజిస్టర్ రాయడం. ఈ పనికి అంతకు మించి సంఘాలిస్తే మొదట పోయేది ఇళ్లకు వెళ్లి పిలిచే పని. మీటింగ్ మాత్రం జరిగినట్టే రాస్తారు.

ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆరోగ్య కమిటీలు, ఆసుపత్రి సేవలు మెరుగుపరిచే పని పోలిక క్లస్టర్లలో కూడా జరిగింది. ఆసుపత్రిలో కంటే డబ్బిచ్చే కేంద్ర పథకం జననీ సురక్షా యోజన మొదలైంది కూడా 2005లోనే, అది ఇరువైపులా ఉంది. కాబట్టి తేడాగా మిగిలింది సంఘం ఒక్కటే.

ఇరవై మీటింగుల చక్రం

మొత్తం 20 మీటింగులు, నాలుగు దశలు. మొదటి దశలో సమస్యలు గుర్తించి, వాటిలో ముఖ్యమైనవి ఎంచుకుంటారు. రెండో దశలో ఏం చేయాలో ఆలోచించి, ఊరందరినీ పిలిచి చెప్పి ఒప్పిస్తారు. మూడో దశలో చేస్తారు. నాలుగో దశలో ఏం జరిగింది, ఏం జరగలేదు అని వాళ్లే చూసుకుంటారు. కాగితం మీద ఇది ప్రతి ప్రాజెక్ట్ రిపోర్టులా కనిపిస్తుంది. తేడా మీటింగ్ లోపల ఉంది.

ఎంపిక మీటింగ్‌ను దగ్గరగా చూద్దాం. ఫెసిలిటేటర్ బొమ్మల కార్డులు తెచ్చి నేల మీద పరుస్తుంది. కాన్పయ్యాక ఆగని రక్తం, ఫిట్స్, నొప్పులు మొదలై రోజు గడిచినా రాని బిడ్డ, ఒళ్లు చల్లబడిన పసికందు, చీము పట్టిన బొడ్డు, జ్వరంతో బాలింత. చదువు రాని మనిషి కూడా కార్డు చూసి అదేమిటో చెప్పగలగాలి. చెప్పలేకపోతే లోపం కార్డుది. ఒక్కొక్కరి చేతికి కొన్ని గులకరాళ్లు ఇస్తారు. తమ ఊళ్లో ఎక్కువగా వచ్చేది, ఎక్కువ ప్రాణాలు తీసేది ఏదనిపిస్తే ఆ కార్డు మీద రాళ్లు పెట్టాలి. చివర్లో అందరి ముందూ లెక్కపెడతారు.

చిన్న ఆటలా ఉంటుంది గానీ ఇక్కడే చాలా తప్పులు జరుగుతాయి. లీడరమ్మ ముందుగా రాయి పెడితే మిగతావాళ్లు అక్కడే పెడతారు. అత్త పక్కన కూర్చున్న కోడలు అత్త రాయి వైపే చూస్తుంది. అందుకని చిన్నవాళ్లతో, గర్భిణులతో మొదలుపెట్టి, పెద్దవాళ్లను చివరికి పిలవాలి. వీలైతే కార్డులను గుడిసె వెనక పరిచి ఒక్కొక్కరినీ పంపాలి. ఇంకో తప్పు ఫెసిలిటేటర్‌ది. ఊరు బొడ్డు చీమును ఎంచుకుంటే, తనకు రక్తస్రావం మీద శిక్షణ ఎక్కువ ఉందని అటు లాగుతుంది. అలా లాగిన సంఘంలో మూడో దశకు వచ్చేసరికి మనుషులు ఉండరు, ఎందుకంటే ఆ పని వాళ్లు ఒప్పుకున్నది కాదు.

తర్వాతి మీటింగ్‌లో కథ. ఊరి పేరు, మనిషి పేరు మార్చి, అందరికీ తెలిసినట్టే ఉండే కథ. రాత్రి ఇంట్లో కాన్పయింది, మాయ పడలేదు, తెల్లారేసరికి ఆమె చనిపోయింది. అప్పుడు 'ఎందుకు' ఆట మొదలవుతుంది. ఎందుకు చనిపోయింది? రక్తం పోయింది. ఎందుకు పోయింది? మాయ లోపలే ఉంది. ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు? రాత్రి బండి లేదు. బండి ముందే ఎందుకు మాట్లాడుకోలేదు? ఇంట్లోనే అయిపోతుందనుకున్నారు. ఎందుకలా అనుకున్నారు? అత్తకు అయిదు కాన్పులూ ఇంట్లోనే అయ్యాయి. భర్త ఎక్కడ? కూలికి వలస వెళ్లాడు. డబ్బు ఎవరి దగ్గర ఉంది? ఇలా పోతూ పోతూ గొలుసు ఒక్కటిగా ఉండదు, నాలుగైదు పాయలుగా చీలుతుంది. వైద్య కారణం ఒకటే పాయ. మిగతావి డబ్బు, దారి, ఇంట్లో మాట ఎవరిది అన్నవి.

ఇక్కడ ఫెసిలిటేటర్ తన దగ్గరున్న వైద్య సమాచారం చెప్పాలి. కానీ ప్రశ్న వచ్చాక, క్లుప్తంగా. బిడ్డ పుట్టాక అరగంటలో మాయ పడకపోతే ఆగకూడదు. అరగంటలో రెండు మూడు గుడ్డలు పూర్తిగా తడిస్తే అది మామూలు రక్తం కాదు. ఫిట్స్ వస్తే గాలి సోకిందని ఎదురుచూడకూడదు. కంటికి, చేతికి తెలిసే కొలతలు కావాలి. '500 మిల్లీలీటర్లు' అని చెబితే ఎవరికీ అందదు. తడిసిన గుడ్డను చేత్తో పట్టుకుని చూపించాలి, ఎర్ర రంగు నీళ్లతో తడిపి చూపినా సరే.

మంత్రసానిని ఈ మీటింగ్‌కు పిలవకుండా ఉంటే ఆమె బయట నుంచి దీన్ని చెడగొడుతుంది. పిలిచి నిందిస్తే ఇంకా చెడ్డది. ఆమె చేసిన కాన్పుల్లో బాగా జరిగినవాటిని ముందు చెప్పమనాలి. చేతులు ఎప్పుడు కడుగుతావమ్మా అనే ప్రశ్న ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

సంఘాలు ఏం చేశాయి

ఆసుపత్రి కాన్పులు ఒక్కసారిగా పెరగలేదు. ఏక్‌జుట్ ఫలితాల్లో ఎక్కువమందికి అర్థం కాని భాగం ఇదే. మారింది ఇంటి లోపల. కాన్పు చేసే మనిషి చేతులు కడగడం, కింద ప్లాస్టిక్ షీటు పరచడం, మరగబెట్టిన దారంతో బొడ్డు కట్టడం, శుభ్రమైన కాన్పు కిట్ వాడడం, ఆరు వారాల దాకా బిడ్డకు తల్లిపాలే ఇవ్వడం. కిట్‌లో సబ్బు, కొత్త బ్లేడు, దారం, షీటు. అంతే. ఇంట్లోనే కాన్పయ్యే ఊళ్లో ఈ నాలుగు వస్తువులు చేతికి అందేలా చేయడం, దూరంగా ఉన్న ఆసుపత్రి గురించి పది ప్రసంగాలు ఇవ్వడం కన్నా ఎక్కువ పని చేసింది.

ఇదే పద్ధతికి అంతకుముందు రూపం నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో ఉంది. 2004లో ఫలితాలు వచ్చాయి. అక్కడి సంఘాలు అత్యవసర నిధి పెట్టుకున్నాయి, మనిషిని మోసుకెళ్లడానికి స్ట్రెచర్లు చేయించుకున్నాయి, కిట్లు తయారుచేసి పంచాయి. పాడేరు, సాలూరు కొండల మీద డోలీ మోత చూసినవాళ్లకు ఆ స్ట్రెచర్ విలువ వేరే చెప్పక్కర్లేదు. 

నిధి విషయంలో నాలుగు మాటలు. పొదుపు డబ్బుతో కలపకూడదు. బ్యాంకులో వేస్తే రాత్రి రెండింటికి పనికిరాదు. ఇద్దరి దగ్గర, వేర్వేరు వీధుల్లో, నగదుగా ఉండాలి. ఒక బండి ఖర్చు, రెండు రోజుల తిండి ఖర్చు సరిపోతే చాలు, అంతకన్నా పెద్ద మొత్తం పోగైతే అప్పుల గొడవ మొదలవుతుంది. వడ్డీ వద్దు. తిరిగి కట్టే గడువు కాన్పుకు ముందే చెప్పాలి. ఎవరికి ఇచ్చారన్నది తర్వాతి మీటింగ్‌లో అందరి ముందూ చదవాలి. ఈ చివరిది మానేసిన చోట నిధి ఎక్కువకాలం నిలవదు.

ఫలితం, దాన్ని ఎలా చదవాలి

సంఘాలున్న క్లస్టర్లలో వెయ్యి సజీవ జననాలకు నవజాత మరణాలు మొదటి ఏడాది 55.6, రెండో ఏడాది 37.1, మూడో ఏడాది 36.3. పోలిక క్లస్టర్లలో 53.4, 59.6, 64.3. మూడేళ్లూ కలిపితే 32 శాతం తక్కువ. మొదటి ఏడాది వదిలేసి చూస్తే 45 శాతం తక్కువ. మొదటి ఏడాది అంకె చూసి కంగారుపడి కార్యక్రమం ఆపేసే అధికారులు ప్రతి చోటా ఉంటారు. ఆ ఏడాది సంఘాలు ఇంకా కార్డులు, గులకరాళ్ల దగ్గరే ఉన్నాయి, పని మొదలుకాలేదు.

లాభం ఎవరికి ఎక్కువ వచ్చిందన్నది తర్వాత విడిగా చూశారు. అన్ని విధాలా వెనకబడ్డ కుటుంబాల్లో రెండు, మూడు సంవత్సరాల్లో మరణాలు 59 శాతం తగ్గాయి, మిగతావాళ్లలో 36 శాతం. ఆరోగ్య కార్యక్రమాల్లో సాధారణంగా కలిగినవాళ్లే ముందు లాభపడతారు, ఇక్కడ తిరగబడింది. మీటింగ్ ఉచితం, నడిచి వెళ్లే దూరంలో ఉంది, చదువు అక్కర్లేదు. కారణం అదేనని నా అంచనా.

తల్లుల సంగతి. మూడో ఏడాది బాలింతల్లో మధ్యస్థాయి మానసిక కుంగుబాటు 57 శాతం తక్కువగా కనపడింది, మొత్తం మూడేళ్లకు చూస్తే మాత్రం ఆ తేడా నిలవలేదు. తల్లి మరణాలు అరుదైన సంఘటనలు కాబట్టి ఇంత జనాభాలో కూడా గట్టిగా ఏమీ చెప్పలేం. మక్వాన్‌పూర్‌లో సంఘాలవైపు 2,899 సజీవ జననాలకు ఇద్దరు తల్లులు చనిపోతే, అటువైపు 3,226కు 11 మంది. వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ ఇద్దరు, పదకొండు అన్న అంకెల మీద పాలసీ కట్టకూడదు. 2013లో ఏడు అధ్యయనాలు, 1,19,428 జననాలు కలిపి చూసినప్పుడు తల్లి మరణాల తగ్గుదల మొత్తం మీద స్పష్టంగా తేలలేదు. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది సంఘాలకు వచ్చిన చోట్ల విడిగా చూస్తే మాత్రం తల్లి మరణాలు 49 శాతం, నవజాత మరణాలు 33 శాతం తగ్గాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

ఆ 30 శాతమే ఈ కేస్‌కు మూలం.

బంగ్లాదేశ్‌లో ఏం తప్పింది

బోగ్రా, ఫరీద్‌పూర్, మౌల్వీబజార్ జిల్లాల్లో కార్డులు అవే, చక్రం అదే. తేడా జనాభాలో ఉంది. ఏక్‌జుట్‌లో 468 మందికి ఒక సంఘం. బంగ్లాదేశ్‌లో 1,414 మందికి ఒకటి.

లెక్క వేసుకుందాం. ఏక్‌జుట్ ప్రాంతంలో ఏటా వెయ్యి మందికి దాదాపు 28 కాన్పులు. 468 మందిలో ఏడాదికి 13. మూడో నెల దాటాకే గర్భం సంగతి బయటికి వస్తుందనుకుంటే, ఏ నెలలో చూసినా ఊరికి తెలిసిన గర్భిణులు ఆరేడుగురు. అందరూ ఒక చెట్టు కింద కూర్చోగలరు. అదే రేటుతో 1,414 మందికి లెక్కేస్తే ఇరవై మంది. వాళ్లకు తోడు పొదుపు సభ్యులు, అత్తలు. అంతమంది ఒక మీటింగ్‌కు రారు, వచ్చినా మాట్లాడరు. అక్కడ మరణాలు వెయ్యికి 33.9, పోలిక ప్రాంతంలో 36.5, అంతే తేడా.

తర్వాత అవే జిల్లాల్లో 309 మందికి ఒక సంఘం చొప్పున పెంచి మళ్లీ చేశారు. ఈసారి నవజాత మరణాలు 38 శాతం తక్కువ వచ్చాయి. పద్ధతిలో పెద్దగా ఏమీ మార్చలేదు, మోతాదు పెంచారు. మందు పని చేయలేదని పారేసేముందు ఎంత వేశామో చూడాలి కదా.

ఏక్‌జుట్‌లో కూడా మొదట్లో ఇదే బలహీనత ఉంది. కొత్తగా గర్భం దాల్చినవాళ్లలో మొదటి ఏడాది 18 శాతం మందే మీటింగ్‌కు వచ్చారు. మూడో ఏడాదికి 55 శాతం. పొదుపు సంఘం మీటింగ్ అంటే సభ్యులకే అన్న భావన పోవాలి, సభ్యత్వం లేకపోయినా గర్భిణి వచ్చి కూర్చోవచ్చని ఇంటింటికీ చెప్పాలి. కంతులు కట్టించుకునే పని ముందు పెట్టుకుంటే ఆరోగ్యం మాట వచ్చేసరికి సగం మంది లేచి వెళ్తారు. ఆరోగ్యం ముందు, డబ్బు తర్వాత. ఈ ఒక్క మార్పుకే చాలా సంఘాల్లో పెద్ద గొడవ అవుతుంది, అయినా తప్పదు.

ఆశా చేతికి వచ్చాక

ఫెసిలిటేటర్లను విడిగా పెట్టి జీతాలివ్వడం ప్రభుత్వానికి కుదరదు. అందుకని 2009 నుంచి 2012 దాకా ఆశా కార్యకర్తలతోనే నడిపి చూశారు, అయిదు జిల్లాలు, 30 క్లస్టర్లు. నవజాత మరణాలు వెయ్యికి 30, పోలిక క్లస్టర్లలో 44. తర్వాత జార్ఖండ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్రమంతా తీసుకుంది. అక్కడ ఆశాను సహియా అంటారు, వాళ్ల మీద ఉండే సూపర్‌వైజర్‌ను సహియా సాథీ అంటారు. ఆ స్థాయిలో కూడా నవజాత మరణాలు 24 శాతం తగ్గినట్టు 2021లో వచ్చిన మూల్యాంకనం చెప్పింది. చిన్న ప్రాజెక్ట్ రాష్ట్ర స్థాయికి వెళ్తే ఫలితం పలచబడడం సహజం. 24 నిలిచిందంటే ఎక్కువే.

ఆశాతో వచ్చే ఇబ్బంది వేరు. ఆమెకు టార్గెట్లుంటాయి. మీటింగ్‌లో ఎవరైనా 'మేం ఇంట్లోనే కంటాం' అంటే ఆమె వాదనకు దిగుతుంది, ఎందుకంటే ఆ కాన్పు ఆమె లెక్కలో పోతుంది. అప్పటిదాకా నడిచిన చర్చ అక్కడితో ఆగిపోతుంది. శిక్షణలో ఎక్కువ సమయం బొమ్మల కార్డుల మీద కాకుండా, ఒప్పుకోని మాట విన్నప్పుడు ఏం అడగాలి అన్నదాని మీద పెట్టాలి.

మన రెండు రాష్ట్రాలకు తెస్తే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డ్వాక్రా సంఘాలు ఉండనే ఉన్నాయి కాబట్టి సులభమనుకుంటారు. ఇక్కడి లెక్క వేరు. జననాల రేటు వెయ్యికి సుమారు 16. అయిదు వందల మంది ఊళ్లో ఏడాదికి ఎనిమిది కాన్పులు, ఏ నెలలో చూసినా తెలిసిన గర్భిణులు నలుగురు. ఒక్కరు రాకపోతే పాతిక శాతం పోయినట్టే. పైగా మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. ఏడో నెలలో అమ్మాయి అత్తగారి ఊరి సంఘం నుంచి మాయమై, పుట్టింటి ఊరి సంఘానికి పరాయిదిగా మిగులుతుంది. రెండు ఊళ్ల రిజిస్టర్లలోనూ ఆమె ఉండదు. ఇద్దరు ఆశాలు ఫోన్‌లో ఆమె పేరు ఒకరికొకరు అప్పజెప్పుకోవాలి. ఇది రాసి పెట్టిన పనిగా లేకపోతే జరగదు.

కార్డులు కూడా మార్చాలి. మైదాన ప్రాంతాల్లో దాదాపు అందరూ ఆసుపత్రిలోనే కంటున్నారు, బ్లేడు, దారం బొమ్మలు అక్కడ పెడితే నవ్వుతారు. అక్కడి సమస్యలు రక్తహీనత, బీపీ, అక్కర్లేని సిజేరియన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది, సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. 'ఎందుకు' ఆటను సిజేరియన్ మీద ఆడించి చూడండి. ముహూర్తం, నొప్పుల భయం, డాక్టర్ తొందర, అన్నీ గంటలో బయటపడతాయి. ఐరన్ మాత్రలు ఇంట్లో ఎన్ని మిగిలాయో తెచ్చి చూపమనడం కూడా మంచి మీటింగే. మలం నల్లగా వస్తుందని, వికారమని, బిడ్డ పెద్దదవుతుందని మానేసినవాళ్లు అప్పుడే చెబుతారు.

ఏజెన్సీలో మాత్రం దూరమే మొదటి సమస్య. సాలూరులో 2018లో మొదలుపెట్టిన గర్భిణుల వసతి గృహం లాంటివి ఉన్నచోట సంఘం పని, నెలలు నిండేముందు ఆమె కిందికి వచ్చేలా చూడడం. ఇంట్లో మిగిలిన పిల్లలను, మేకలను ఎవరు చూస్తారన్నది తేలకపోతే ఏ తల్లీ రెండు వారాలు ముందు కొండ దిగదు. ఆ ఏర్పాటు సంఘమే చేయగలదు.

రిజిస్టర్‌లో ఎంతమంది వచ్చారన్న గడి ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కన ఇంకో మూడు గీసుకోవాలి: ఈ నెల ఊళ్లో ఉన్న గర్భిణులెందరు, వాళ్లలో స్వయంగా వచ్చినవాళ్లెందరు, అత్తనో అమ్మనో పంపినవాళ్లెందరు. మూడు నెలలు వరుసగా రెండో అంకె మొదటిదానిలో మూడో వంతు దాటకపోతే తర్వాతి మీటింగ్ జరపకుండా ఆపి, ఆ వారమంతా ఇళ్లకు తిరగాలి.